ముందు దారిని అడుగు

అశోక్‌నగర్‌లో ఒకడు, నారాయణగూడలో ఒకడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. స్నేహం కలిసింది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో. గ్రూప్స్ పరీక్షలకు చదివే రోజుల్లో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చునేవారు. అశోక్‌నగర్ వాడిది అచ్చంపేట. హాస్టల్ గదిలో మరో ముగ్గురితో సర్దుకుని ఉండేవాడు. నారాయణగూడ వాడు మెల్కోటే పార్కు పక్కనే పుట్టి పెరిగాడు. మొదటివాడికి ప్రభుత్వ కొలువు దొరికింది. రెండోవాడు పుస్తకాలు పక్కన పెట్టి మంచి జీతమున్న ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. దారులు వేరైనా కోరిక మాత్రం ఇద్దరికీ ఒకటే: దూరం పోయే బండి ఒకటి సొంతంగా ఉండాలి.

ఇద్దరూ ఒకే నెలలో ఒకే బండి కొన్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 2016లో వచ్చిన 411 సీసీ బండి అది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనక చక్రం 17. ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. గతుకుల్లో అడుగు తగలకుండా నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు. సామాను ఏమీ ఎక్కించకుండానే దాదాపు 200 కిలోల బరువు. 2023లో 452 సీసీ ఇంజిన్‌తో కొత్త హిమాలయన్ వచ్చేదాకా, దూరప్రయాణం అనగానే మన కుర్రాళ్ల నోట ముందుగా వినబడిన పేర్లలో ఇదొకటి.

బండి పూజ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ముందు చేయించారు. అక్కణ్నుంచి నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్లారు.

ఉస్తాద్‌ది చిక్కడపల్లి సందులో చిన్న షెడ్డు. బుల్లెట్ల మీద పండిపోయిన చెయ్యి ఆయనది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉన్న పాత బుల్లెట్లతో పని నేర్చుకున్నాడు. అమీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగి, డీకంప్రెషన్ పిడి నొక్కి, పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చి, అప్పుడు ఒక్క కిక్కు కొట్టాలని వచ్చిన ప్రతి కుర్రాడికీ ఓపికగా చూపించినవాడు. కొత్త బండ్లు రెంటినీ చుట్టూ తిరిగి చూశాడు.

"మంచి బండ్లు తెచ్చిన్రు. ఇప్పుడైతే ఏం పెట్టకున్రి," అన్నాడు. "ముందు వెయ్యి కిలోమీటర్లు తిరిగి రాన్రి. ఎక్కడ నొస్తదో, ఎక్కడ భయమైతదో, ఏది లేక ఆగిపోయిన్రో రాసుకోన్రి. దారి ఏమడిగితే అది పెడ్దాం."

నారాయణగూడ వాడికి ఆ మాట రుచించలేదు. "ఉస్తాద్, రేపు దూరం పోతే దారిలో ఎవరిని అడుగుతం? అన్నీ ముందే ఉండాలె కదా," అన్నాడు. మరుసటి ఆదివారమే పుత్లీబౌలి దుకాణాలకు వెళ్లాడు. క్రాష్ గార్డు కొన్నాడు, ఎత్తైన విండ్‌షీల్డు కొన్నాడు. అక్కడితో మొదలైంది. నెలనెలా జీతంలో కొంత బండికే. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, వాటిని మోసే ఇనుప చట్రం, వెనక టాప్ బాక్సు, నాలుగు ఫాగ్ లైట్లు, హ్యాండిల్ రైజర్లు, ఫోన్‌కు చార్జర్, పాటలకు స్పీకర్, చివరికి గట్టిగా మోగే సైలెన్సర్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండ్లవాళ్లు తలతిప్పి చూసేవాళ్లు. ఆ చూపులు వాడికి బాగా నచ్చాయి. బండి మాత్రం ఇల్లు, ఆఫీసు, ట్యాంక్‌బండ్ దాటి ఎక్కడికీ పోలేదు.

అశోక్‌నగర్ వాడి దగ్గర అంత డబ్బు లేదు. వాయిదాలు కట్టాక మిగిలేది కొంచెం. కానీ వాడికి ఊరుంది, ఊళ్లో అమ్మానాన్నా ఉన్నారు. రెండు వారాలకోసారి శనివారం పని ముగించుకుని బయల్దేరేవాడు. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా అచ్చంపేట. సుమారు 130 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం తిరిగి నగరం. ట్యాంకు మీద బ్యాగులో చిన్న నోటుబుక్కు ఉండేది. ఉస్తాద్ చెప్పినట్టే అందులో రాసుకునేవాడు: గంట దాటితే నడుము కింద నొప్పి. వానకు బ్యాగు తడిసింది. చైను వదులైంది. డిండి దగ్గర రాత్రి గేదెలు అడ్డం వచ్చాయి, దగ్గరికొచ్చేదాకా కనబడలేదు, వెలుతురు చాలదు.

వెయ్యి కిలోమీటర్లు నిండాక నోటుబుక్కు తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు. ఉస్తాద్ ఒక్కో వరుస చదివించుకుని విన్నాడు. నొప్పికి సీటు విప్పించి, పనివాడితో లోపలి ఫోమ్ మార్పించి, కూర్చునే చోటు వెడల్పు చేయించాడు. తడవకుండా రెండు గుడ్డ శాడిల్ బ్యాగులు కట్టించాడు. అవి చక్రంలో పడకుండా సన్నటి ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాడు. చైనుకైతే ఏమీ పెట్టలేదు. "ఇది నువ్వు నేర్చుకునే పని," అని ఎంత వదులుండాలో వేలితో చూపించాడు. ప్రతి 500 కిలోమీటర్లకు తుడిచి నూనె పెట్టమన్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం వాణ్ని షెడ్డులో కూర్చోబెట్టి వెనక చక్రం విప్పించాడు. ఊచల చక్రం, లోపల ట్యూబు. సెంటర్ స్టాండ్ వేసి, యాక్సిల్ నట్టు వదులు చేసి, చైను దించి, చక్రం లాగి, లీవర్లతో టైరు తెరిచి, ట్యూబు మార్చి, మళ్లీ బిగించేదాకా తాను చెయ్యి పెట్టలేదు. మొదటిసారి మధ్యాహ్నమంతా పట్టింది. నాలుగో ఆదివారానికి అరగంటలో అయిపోయింది.

"లైబ్రరీల చూస్తలేవా బేటా," అన్నాడు ఉస్తాద్, "కొందరు అశోక్‌నగర్ల దొరికే మెటీరియల్ మొత్తం కొని గదిల పేరుస్తరు. ఒక్క పుస్తకం పదిసార్లు చదివినోడు పాసైతడు. బండి గూడ గట్లనే."

ఆ మాట అశోక్‌నగర్ వాడి మనసులో బాగా నాటుకుంది. కొంచెం ఎక్కువే నాటుకుంది. బండికి ఏమీ పెట్టకపోవడమే తన గొప్ప అనుకోవడం మొదలైంది. వెలుతురు చాలదని నోటుబుక్కులో మరి రెండుసార్లు రాసుకున్నాడు గానీ లైట్లు పెట్టించలేదు. ఉస్తాద్ అడిగితే, "నడుస్తోంది కదా ఉస్తాద్," అన్నాడు.

చలికాలం వచ్చింది. ఇద్దరూ కలిసి శ్రీశైలం పోదామనుకున్నారు. నగరం నుంచి దాదాపు 215 కిలోమీటర్లు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ దారి మూసేస్తారు. అందుకని చీకటితోనే బయల్దేరారు.

నారాయణగూడ వాడు మూడు పెట్టెలూ నింపాడు. గుడారం, పొయ్యి, కుర్చీ, పనిముట్ల సంచి, రెండు జాకెట్లు. టాప్ బాక్సు మూత మోకాలితో నొక్కితే గానీ పడలేదు. ఆమనగల్లు దాటాక రోడ్డు ఖాళీగా కనబడి వేగం పెంచాడు. తొంభై దాటగానే హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగింది. భయపడి వేగం తగ్గించాడు. "రోడ్డు బాగలేదు మామా," అన్నాడు. అశోక్‌నగర్ వాడు అదే రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాడు. రోడ్డు తప్పు కాదని వాడికి తెలుసు. వెనక ఇరుసుకు అవతల వేలాడే బరువు ముందు చక్రం మీది బరువును తగ్గిస్తుంది. ముందు చక్రానికి నేల పట్టు తగ్గితే హ్యాండిల్ మాట వినదు. టాప్ బాక్సులో బరువైనవి తీసి పక్క పెట్టెల్లో అడుగుకు సర్దితే ఊగడం కాస్త తగ్గింది. టైరులో గాలి కూడా పెంచుకోమన్నాడు. బంకు దగ్గర వరుస ఉందని నారాయణగూడ వాడు ఆగలేదు.

దోమలపెంట దాటి, ఘాటు మలుపులు దిగి, కృష్ణమ్మ లోయ కనబడేచోట బండ్లు ఆపారు. నారాయణగూడ వాడు ఇంజిన్ ఆపి, నాలుగు ఫాగ్ లైట్లూ వెలిగించి, పాట పెట్టి, వీడియోలు తీసుకున్నాడు. తీరా బయల్దేరబోతే స్టార్టర్ టక్కుమని ఆగిపోయింది. ఆ బండికి కిక్ లేదు. లైట్ల కనెక్షన్ రిలే లేకుండా నేరుగా బ్యాటరీకే ఇచ్చి ఉంది. పెట్టెలు మూడూ దించారు. బ్యాటరీలో మిగిలిన కాస్త కరెంటు స్టార్టర్‌ను తిప్పలేకపోయినా పెట్రోలు పంపును నడపగలిగింది. వాలులో రెండో గేరు వేసి తోస్తే ఇంజిన్ అందుకుంది. మళ్లీ పెట్టెలన్నీ ఎక్కించారు. బండి ఆపకుండా ఆనకట్ట దాటి కొండెక్కారు.

మల్లన్న దర్శనం చేసుకుని తిరుగు దారి పట్టేసరికి పొద్దు వాలింది. దోమలపెంట దాటి అడవిలోకి వచ్చాక, వటవర్లపల్లి ఇంకా రాకముందే నారాయణగూడ వాడి వెనక చక్రం దిగిపోయింది. అంత బరువు మీద తక్కువ గాలితో రోజంతా తిరిగిన ట్యూబు ఒకచోట నలిగి చిరిగింది. ఫోన్లో సిగ్నల్ లేదు. అడవిలో ఆగొద్దని బోర్డులున్న చోటు. చీకటి పడుతోంది. మన్ననూరు గేటు తొమ్మిదికి మూస్తారు.

నారాయణగూడ వాడు పనిముట్ల సంచి తెరిచాడు. కొత్తవి, మెరుస్తున్నవి, ఒక్కసారీ వాడనివి. యాక్సిల్ నట్టుకు సరిపడే పానా మాత్రం అందులో లేదు. కొన్నప్పుడు ఆ సంగతి చూసుకోలేదు. అశోక్‌నగర్ వాడి సంచిలో నాలుగే వస్తువులున్నాయి: ఆ పానా, రెండు లీవర్లు, ఒక ట్యూబు, ఒక పంపు. ముందు పెట్టెలు దించాలి. ఆ తర్వాత చక్రానికి అడ్డొచ్చే ఇనుప చట్రం బోల్టులు విప్పాలి. అప్పుడు గానీ చక్రం రాదు. షెడ్డులో అరగంట పట్టే పని అక్కడ గంటన్నర దాటింది. ఇద్దరి చేతులూ వణికాయి. నారాయణగూడ వాడు ఒక్క మాట కూడా మాట్లాడకుండా పంపు కొట్టాడు.

చక్రం బిగిశాక ఇంకో చిక్కు వచ్చింది. ముందు నడవాల్సినవాడు అశోక్‌నగర్ వాడు. దారి వాడికే తెలుసు. కానీ ఆ చీకటి మలుపుల్లో వాడి బండి వెలుగు పది బారల అవతలికి చాలడం లేదు. రోడ్డు అంచున ఏ జంతువు నిలబడిందో తెలియడం లేదు. అప్పుడు నారాయణగూడ వాడు ఇంజిన్ నడుస్తుండగా రెండే ఫాగ్ లైట్లు వెలిగించి ముందుకొచ్చాడు. వాడి వెలుగులో వీడు దారి చెబుతూ, వీడి మాట మీద వాడు బండి తిప్పుతూ, తొమ్మిదికి కాస్త ముందు మన్ననూరు గేటు దాటారు.

మర్నాడు ఇద్దరూ ఉస్తాద్ షెడ్డు ముందు నిలబడ్డారు.

"అన్నీ తీసెయ్ ఉస్తాద్," అన్నాడు నారాయణగూడ వాడు. "ఒక్కటి గూడ వద్దు."

ఉస్తాద్ ఒప్పుకోలేదు. స్టూలు జరుపుకుని ఒక్కో వస్తువూ చూపించి అడగడం మొదలుపెట్టాడు. "విండ్‌షీల్డు ఏ దారిల పనికొచ్చింది?" హైవే మీద పొద్దున్నే ఛాతీకి చలిగాలి కొట్టలేదని వాడు ఒప్పుకున్నాడు. "ఉండనీ." "క్రాష్ గార్డు?" తోసేటప్పుడు బండి పక్కకు పడితే కాలు నలగకుండా ఆపింది అదే. "ఉండనీ." "లైట్లు?" రెండు పనికొచ్చాయి, రెండు రాలేదు. రెండింటిని తీసి, మిగిలిన రెండింటికి రిలే, ఫ్యూజు వేసి, తాళం ఆపితే ఆరిపోయేలా కలిపాడు. టాప్ బాక్సు తీసేశాడు. పెట్టెల బదులు గుడ్డ బ్యాగులు కట్టాడు. సైలెన్సర్ దగ్గర ఆగి, "ఇదేం చేసింది?" అని అడిగాడు. వాడు తలవంచుకున్నాడు. బండితో వచ్చిన సైలెన్సర్ ఇంట్లోనే ఉంది. అదే తెప్పించి బిగించాడు.

తర్వాత అశోక్‌నగర్ వాడి వైపు తిరిగాడు. వాడు మెప్పు కోసం చూస్తున్నాడు.

"నోటుబుక్కు తియ్," అన్నాడు ఉస్తాద్. "వెలుగు చాలదని ఎన్నిసార్లు రాసినవ్?"

"మూడుసార్లు."

"దారి మూడుసార్లు అడిగింది, నువ్వు ఇయ్యలే. వీడు దారి అడగనియి పెట్టిండు. నువ్వు అడిగింది పెట్టలే. రెండూ ఒకటే తప్పు. ఇద్దరూ దారి మాట విన్లే."

నారాయణగూడ వాడి బండి నుంచి తీసిన రెండు లైట్లను ఉస్తాద్ ఆ సాయంత్రమే అశోక్‌నగర్ వాడి బండికి బిగించాడు.

నీతి: బండికి ఏం కావాలో దుకాణం చెప్పలేదు, పంతం చెప్పలేదు. నడిచిన దారే చెబుతుంది. అడగనిది మోయడం ఎంత తప్పో, అడిగింది ఇవ్వకపోవడమూ అంతే తప్పు.

ఈ కథ బండ్ల మీద ప్రేమ ఉన్న ప్రతివాళ్ల కోసం రాశాను. సొంత బండిని తన ఒంటికీ తన దారికీ తగ్గట్టు మలుచుకోవడం మంచి కోరిక. పొట్టివాళ్లకు సీటు ఎత్తు భారం, పొడుగువాళ్లకు హ్యాండిల్ అందదు, రాత్రి ఊరికి పోయేవాళ్లకు వెలుతురు ప్రాణం. కంపెనీ లక్షల మందికి ఒకే కొలతతో చేసిన బండిని మీ కొలతకు దించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ప్రతి అమరికకూ ఒక ధర ఉంది, అది దుకాణం బిల్లులో కనబడదు. పెట్టె పెడితే బరువు పెరుగుతుంది, బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది, టైరు గాలి మార్చాలి. లైటు పెడితే ఇంజిన్ తయారుచేసే కరెంటులోంచే దానికి వాటా ఇవ్వాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ కరెంటు ఇంకా తగ్గుతుంది. ఎంత బరువు మోయవచ్చో, ఎంత గాలి పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఏ వస్తువైనా కొనేముందు ఆ పుస్తకం చదవండి.

చట్టం కూడా ఇక్కడ మాట్లాడుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గట్టిగా మోగే సైలెన్సర్‌ను ఏ దారీ అడగదు. చదువుకునే పిల్లలతో నిండిన అశోక్‌నగర్ సందులో అది అర్ధరాత్రి మోగితే ఎందరి నిద్ర, ఎందరి చదువు పోతుందో ఒక్కసారి ఆలోచించండి.

దూరం పోయినవాళ్లను చూడండి. టెడ్ సైమన్ అనే ఇంగ్లండ్ పాత్రికేయుడు 1973లో 500 సీసీ ట్రయంఫ్ బండి మీద బయల్దేరి, నాలుగేళ్లలో 45 దేశాలు తిరిగాడు, మన దేశం కూడా వచ్చాడు. ఈనాటి అమరికల్లో చాలావి అప్పటికి లేవు. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మన హైదరాబాద్ నుంచే బండ్లెక్కి మయన్మార్, లావోస్, వియత్నాం, కంబోడియా, థాయ్‌లాండ్ చూసి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, దాదాపు 17,000 కిలోమీటర్లు. దూరాన్ని గెలిచేది నడిపే చెయ్యి, ఓపిక, తన బండి గురించిన ఎరుక. జై భారతి ఆ తర్వాత ఆడవాళ్లకు బండి నేర్పే పనికి పూనుకున్నారు. దూరం పోయినవాళ్లకు ఏది ముఖ్యమో తెలుసు.

కొత్తగా బండి కొన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మొదటి నెల జీతంతో ఏమీ కొనకండి. ఒక నోటుబుక్కు, ఒక మంచి హెల్మెట్ చాలు. మీ ఊరికి వెళ్లి రండి. మీకు తెలిసిన మెకానిక్ పక్కన నాలుగు ఆదివారాలు కూర్చుని చక్రం విప్పడం, చైను బిగించడం నేర్చుకోండి. దారి ఏది అడిగితే అది, మంచి రకంది, చట్టం ఒప్పుకున్నది పెట్టించండి. అడిగినప్పుడు మాత్రం పిసినారితనం చేయకండి, పంతానికి పోకండి. బండి మీద మిగిలిన ప్రతి వస్తువుకూ "ఇది ఏ దారిలో పనికొచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. జవాబు లేనిదాన్ని ఈ ఆదివారమే విప్పించేయండి.